ఎంజైమ్ లేని గొట్టంలో గీత

మా ఆవిడ నోరు విప్పిందంటే ఇక ఆగదు. గడియారాలు బాగుచేసేవాణ్ణి, కొట్లో పొద్దస్తమానం టిక్కుటిక్కులే. ఇంటికొస్తే ఈవిడ. గడియారానికైనా కీ అయిపోతుంది.

ఆవిడ పని ల్యాబులో. మన ఒంట్లో డీఎన్ఏ రోజూ ఎక్కడో ఒకచోట దెబ్బతింటుందట. ఆ చెడిన చోటు వెతికి కత్తిరించే ఎంజైమ్ ఒకటుంది, ఆ తర్వాతే మరమ్మతు. అదెంత చురుగ్గా కత్తిరిస్తోందో ఈవిడ కొలవాలి. చిన్న చిన్న గొట్టాల్లో డీఎన్ఏ పోసి, ఎంజైమ్ కలిపి, పది నిమిషాలు వెచ్చగా ఉంచి, జెల్లు అనే జెల్లీలాంటి పలకలో కరెంటు పెట్టి నడిపిస్తుంది. తెగనిది పైన గీతగా, తెగింది కింద గీతగా కనిపిస్తుంది. ఒక గొట్టంలో మాత్రం ఎంజైమ్ వెయ్యరు. అందులో కింది గీత రాకూడదు. వచ్చిందో, ఆ రోజు కొలతలన్నీ చెత్తబుట్టలోకే.

రెండు నెలల్లో నాలుగుసార్లు వచ్చింది! "ఇంకోసారి వస్తే ఈ పని వేరేవాళ్ళకిచ్చి నిన్ను స్టోరుకి పంపిస్తాను" అని వాళ్ళ మేడమ్ తేల్చేసింది.

"ఇరవై ఆరేళ్ళు చేశాక, సీసాలు సర్దుకుంటూ కూర్చోవాలా?" అని ఏడ్చింది. నీళ్ళని తిట్టింది, ఫ్రిజ్‌ని తిట్టింది, చివరికి నన్నూ తిట్టింది. మధ్యలో నేనేం చేశానండీ!

మర్నాడు కళ్ళజోడు మరిచిపోతే ఇవ్వడానికి వెళ్ళాను. అద్దం అవతల ఈవిడ గొట్టాల మూతలు తెరిచి, వాటి మీదకి వంగి, పక్క టేబుల్ పిల్లకి కథ చెబుతోంది. అంతకుముందు ఆ టేబుల్ దగ్గర పలకరించినా పలకని పెద్దాయన ఉండేవాడు, రెండు నెలల కిందటే రిటైరయ్యాడు. ఈ పిల్లేమో పడీ పడీ నవ్వుతోంది. చేతులు తిప్పే తీరు చూసి పోల్చుకున్నాను, ఆ కథ నాదే. అత్తారింటికి మొదటిసారి వెళ్ళి, పక్కింట్లో కూర్చుని కాఫీ తాగేసిన కథ.

మేం గడియారం మూత తీస్తే ఊపిరి కూడా బిగబడతాం. సంగతి అర్థమైపోయింది.

"మూతలు తీశాక నోరు మూసుకోవే బాబూ. నీ తుంపర్లన్నీ అందులోనే పడుతున్నాయి" అన్నాను ఆ సాయంత్రం.

మీద పడుతుందనుకున్నాను. తల పట్టుకుంది. "ఉమ్మిలోనూ డీఎన్ఏని కోసేవి ఉంటాయి! నా బుద్ధి మండా!" అంది. రేపటికి అలవాటు కావాలని అప్పటికప్పుడే మాస్కు కట్టేసింది.

పాతికేళ్ళుగా నేను కోరుకున్న నిశ్శబ్దం. గంటసేపు కూడా భరించలేకపోయాను. "పోనీ, తిట్టనైనా తిట్టు" అన్నాను. చెయ్యి అడ్డంగా ఊపింది. నాకు అన్నం సయించలేదు.

మర్నాడు సాయంత్రం మాస్కుతోనే గుమ్మంలో నిలబడింది. మళ్ళీ ఆ గీత వచ్చిందేమో అనుకున్నాను. ఫోను తీసి జెల్లు ఫొటో చూపించింది. ఎంజైమ్ లేని గొట్టం వరసలో పైన ఒకటే గీత. కింద ఏమీ లేదు.

"అయితే మాట్లాడవే తల్లీ!" అన్నాను.

మాస్కు లాగేసింది. "ఎనిమిది గంటలండీ! ఎనిమిది గంటలు! నిన్న మీరు రావడంతో మీ కాఫీ కథ సగంలో ఆగిపోయింది, ఆ పిల్ల మిగతాది చెప్పమని ఒకటే గొడవ. నోటిదాకా వచ్చింది, ఉండబట్టడం లేదు, మీరైనా వినండి."

నా పరువు తీసే కథ నాకే చెబుతుందట. కుర్చీ లాక్కుని, మొదట్నుంచీ చెప్పమన్నాను.