మావయ్య చదివిన కార్డులు

నాకు ముప్ఫై ఎనిమిదేళ్లకి అక్షరం వచ్చింది. చెప్పుకోవడానికి సిగ్గేం లేదు. తొంభైల మొదట్లో, కంకిపాడు దగ్గర మా ఊళ్లో, కూలి పని నుంచి వచ్చిన ఆడవాళ్లని బడి వరండాలో కూర్చోబెట్టి చదువు చెప్పేవారు. చెప్పే పిల్ల పదో తరగతి పాసయింది. "కొడవలి పట్టినట్టు పట్టుకుంటే ఎలా పిన్నీ, పెన్సిలు విరుగుద్ది" అని నవ్వేది. నిజంగానే రోజుకొకటి విరగ్గొట్టేదాన్ని. అయినా మానలేదు. నాకో పనుంది.

మా ఆయన లారీ డ్రైవరు. హనుమాన్ జంక్షన్‌లో లోడెత్తుకుని కలకత్తా వైపు వెళ్తే నెలన్నర కనపడడు. దారిలో పోస్టుకార్డు రాసేవాడు, చెవి మీద పెట్టుకునే పెన్సిలుతో. ఆయన వెళ్లాక ఇంట్లో పెద్దవాళ్లలో చదవడం వచ్చింది మావయ్యగారికి ఒక్కరికే. ఆయన నాతో నేరుగా మాట్లాడింది లేదు. అప్పట్లో అంతే, మామ కోడలితో మాట్లాడకూడదు. దాహమేస్తే గోడతో చెప్పేవారు. నేను చెంబు తెచ్చి అరుగు మీద పెట్టేదాన్ని.

కార్డొస్తే ఆ అరుగు మీదే కూర్చుని పైకి చదివేవారు. అత్త ఎదురుగా, నేను తలుపు వెనక. ఆఖర్న ఎప్పుడూ నా సంగతి ఉండేది. "కోడలికి ఏడో నెలొచ్చింది, ఊడ్పులకి పంపొద్దన్నాడు." "జ్వరం తగ్గినా ఓ వారం బిందెలు మోయనివ్వొద్దన్నాడు." అత్త మొగుడి మాట వినే రకం కాదు. కొడుకు మాటకి మాత్రం తిరుగులేదు. "వాడు చెప్పాక తప్పుద్దా" అని గొణుక్కుంటూ బిందె తనే ఎత్తుకునేది.

ఆ మనిషి ఇంటికొస్తే ఉలకడు, పలకడు. తిని పడుకుంటాడు. కార్డులో మటుకు నా గురించి అంత ఎలా రాస్తాడో నా కళ్లతో చూడాలనిపించింది. చదువుకి వెళ్లింది అందుకే.

కార్డులన్నీ దూలానికి వేలాడే ఇనప తీగకి గుచ్చి ఉండేవి. గుణింతాలయ్యాక ఓ మధ్యాహ్నం, ఇంట్లో ఎవరూ లేనప్పుడు తీగ దింపాను. మొదటి కార్డుకి గంట పట్టింది. అక్షరం పక్కన అక్షరం పేర్చుకుంటూ పోతే మా ఆయన గొంతు లేచింది! ఒళ్లు జలదరించింది. ఎప్పుడో ఒరిస్సాలో లారీ నీడన గీసిన నల్ల గీతలు, అన్నేళ్లూ మా దూలానికి వేలాడుతూ ఆయన మాటని పట్టుకునే ఉన్నాయి. ఇప్పుడు బెజవాడలో మనవరాలి ఫోనులో అక్షరాలు చూస్తుంటాను. వేలితో తోస్తే పోతాయి. వాటికి నా ఒళ్లు జలదరించదు.

"నాన్నకి నమస్కారం. టైరు పేలింది. ఇక్కడ వాన. అమ్మ కులాసా అని తలుస్తాను." అంతే.

ఇంకోటి తీశాను. బాలాసోరులో మన కారం దొరకట్లేదట. ఇంకోటి. క్లీనరుకి పెళ్లి కుదిరిందట. పదకొండు కార్డులు చదివాను. నేను ఎక్కడా లేను.

ముందు మా ఆయన మీద ఏడుపొచ్చింది. ఏడుస్తుంటేనే బుర్ర పనిచేసింది. నాకు జ్వరమొచ్చిన సంగతి కలకత్తా రోడ్డు మీదున్న మనిషికి ఎలా తెలుస్తుంది? అరుగు మీద కూర్చున్న మనిషికి తెలుస్తుంది.

కార్డులు ఒళ్లో పెట్టుకుని అలాగే ఉండిపోయాను. దేవుడు వచ్చి ఎదురుగా నిలబడినా అంత నివ్వెరపోయేదాన్ని కాదేమో.

మరి ఈ సంగతి నాకు తెలిసిందని మావయ్యగారికి చెప్పేదెలా? నోటితో చెప్పలేను. కాళ్లకి దండం పెడితే కంగారుపడి లేచి వెళ్లిపోతారు. ఓ కార్డు కొని మా ఆయనకి రాశాను, నా జన్మలో మొదటి ఉత్తరం. రెండు రోజులు పట్టింది. "మీరు రాయని మాటలు మావయ్యగారు ఇన్నేళ్లూ చదివారు. అవి నాకు చేరాయి. ఈ ఇంట్లో నేను బతికింది వాటితోనే." లారీ ఆఫీసు అడ్రసు రాయడం నాకు రాదని అత్తతో వంక చెప్పి, దాన్ని అరుగు మీద మావయ్యగారి పక్కన పెట్టి, తలుపు వెనక్కి వచ్చేశాను. కవరు కాదుగా, కార్డు. అడ్రసు రాసే మనిషి రెండో పక్క చూడకుండా ఉంటాడా?

సందులోంచి చూశాను. మావయ్య కళ్లజోడు తీసి, కండువాతో తుడిచి, పెట్టుకుని మళ్లీ చదివారు.

"ఏం రాసిందంట మొగుడికి?" అంది అత్త, చేట ఆపి.

ఆయన కార్డు తిరగేశారు. "ఏముంది, అందరూ కులాసా అని రాసింది" అన్నారు.

అడ్రసు రాసి, చెప్పులేసుకుని, తనే పట్టుకెళ్లి డబ్బాలో వేసొచ్చారు.