నేను మూయించిన గ్రంథాలయం

కల్వకుర్తి దగ్గరి ఒక ఊళ్లో, ఎనభైల చివర, ఉన్న ఒకే ఒక్క గ్రంథాలయాన్ని మూయించిన ఘనత నాది. వరద కాదు, చెదలు కాదు. చక్కని దస్తూరీతో, కొట్టివేతలు లేకుండా నేనే మూయించాను. నాటి డైరీ ముందుంచుకునే రాస్తున్నాను కనుక అతిశయోక్తి అనుకోకండి.

నేను కొత్త గ్రంథపాలకుణ్ణి. రోజూ పొద్దున దర్జీ యాకూబ్ పత్రికలోని పల్లికాయ ధరలు పైకి చదివేవాడు. అరుగు నిండా కూర్చుని రైతులు వినేవారు. ఆ ధర విన్నాకే కాయ అమ్ముకునేవారు. రిజిస్టరులో సంతకం మాత్రం యాకూబ్ ఒక్కడిదే.

"మమ్ముల గూడ రాస్కో సారూ," అన్నది బాలమ్మ. ఆమెకు ఎకరం పల్లిచేను ఉంది.

"ఇది పాఠకుల రిజిస్టరమ్మా. నువ్వు చదవవు కదా."

"చెవులతోని చదువుతలేనా?"

"రిజిస్టరులో చెవులకు గడి లేదు."

ఇంతలో ఈ గ్రంథాలయం ఉంచాలా, తీసెయ్యాలా తేల్చడానికి పై అధికారి వస్తున్నట్టు ఉత్తరం వచ్చింది. వెంటనే అందరికీ చెప్పాను: "రేపు ఎవ్వరూ రావద్దు. నిశ్శబ్దం ఉండాలి."

యాకూబ్ గడ్డం గోక్కున్నాడు. "మనుషులు కనవడొద్దా సార్?"

"నిబంధనలు కనబడాలి."

మర్నాడు ఆ గది కరువు ఏడాది బావిలా ఉంది. అధికారి రిజిస్టరు తిరగేశాడు.

"రోజుకు ఒక్కరేనా?"

"ఒక్కరే సార్. దొంగ సంతకం ఒక్కటి లేదు," అన్నాను ఛాతీ విరిచి.

"ఒక్క మనిషికి గింత జాగా, కిరాయి, మీ జీతం ఎందుకయ్యా? పేపర్ ఆయన ఇంటికే పంపితే అయిపాయె గదా."

నెల తిరగకుండానే పుస్తకాలు ఎడ్లబండెక్కాయి. కోతలయ్యాక బాలమ్మ కనిపించింది.

"ధర తెల్వక సేటు చెప్పిన కాడికే ఇచ్చిన సారూ."

అలవాటు కొద్దీ డైరీ తెరిచాను. "ఎంత నష్టపోయినవమ్మా?"

"అదే తెలిస్తే నష్టమెందుకైతది?"

ఆనాటి పేజీలో అంకె వేయలేకపోయాను. అందుచేత పూర్తి స్పృహతో ఇందుమూలముగా ప్రమాణం చేయుచున్నాను: ఇకపై నాకు ఏ గ్రంథాలయం అప్పగించినా, తనిఖీ నాడు ఊరంతటినీ పిలిచి, గట్టిగా మాట్లాడుకోమని బతిమాలతాను. అప్పగించేవారు మాత్రం ఇంతవరకు ఎవరూ రాలేదు.