తాడు లాగుతుంది గానీ ఆపదు

మొన్న మాఘమాసంలో ఒక మధ్యాహ్నం మా బావమరిది పోయాడని కబురు వచ్చింది. ప్రాణం పోయింది తెల్లవారుజామునట. కబురు తెచ్చిన పాలేరు, మంచుకి గట్టు జారుతోందని బండి దిగి ఎడ్లను నడిపించుకుంటూ వచ్చాడు. అలా నేర్పింది ఎవరో వేరే చెప్పాలా? తన చావు కబురు కూడా ఆలస్యంగా పంపడం మా బావమరిదికే చెల్లింది.

పోయినవాళ్ల గురించి మంచే చెప్పాలంటారు. చెబుతాను గానీ, ముందు నా విసుగు తీరాలి.

అతనికి బండ్లు రెండు, ఎడ్లు ఒకే జత. రెండో జత రోగమొచ్చి పోయాక ఆ రెండో బండి అమ్మెయ్యమని అందరం మొత్తుకున్నాం. వింటేనా! ముందు బండికి దాన్ని తాడుతో కట్టి, తేలిక సామాను వేసుకుని ఊళ్లు తిరిగేవాడు. పోనీ తిరిగేవాడు తిన్నగా తిరిగాడా? ఏటిగట్టు దిగుడు వచ్చిందంటే చాలు, బండి ఆపి అందర్నీ దింపేవాడు. తాడు విప్పి ముందు బండిని కిందికి చేర్చి, ఎడ్లను మళ్లీ పైకి తోలుకొచ్చి, వెనక బండికి ఒక మొద్దు కట్టి ఈడ్పిస్తూ దాన్ని విడిగా దింపేవాడు. మంచుకి రేగడి తడిసి ఉంటే చక్రాల కింద గడ్డి పరచడం అదనం. ఎందుకయ్యా ఈ తంతు అంటే ఒకటే జవాబు.

"తాడు లాగుతుంది గానీ ఆపదండి బావగారూ."

ఈ ముక్క ఎన్నిసార్లు విన్నానో ఆ నరసింహస్వామికే ఎరుక.

అప్పట్లో మా అమ్మాయి పెళ్లి కోరుకొండ గుళ్లో చేస్తామని మొక్కు. మేనమామ బుట్టలో మోసుకొస్తేనే కదా పెళ్లికూతురు పీటల మీదికి వచ్చేది! అందుకని అతన్ని వదిలి పోయే వీల్లేదు. దారిలో సత్రంలో దిగి, తెల్లవారుతూనే మంచులో బయలుదేరాం. ముందు బండిలో మా ఆవిడ, అమ్మాయి, నేను. వెనక బండిలో విస్తళ్లు, గడ్డి. వియ్యంకుడు ముక్కోపి. ముహూర్తం దాటితే పిల్లవాణ్ణి తీసుకుని తన దారిన తాను పోతానని ముందే తెగేసి చెప్పాడు.

మొదటి దిగుడు దగ్గర ఆపాడు. ఊరుకున్నాను. రెండో దగ్గరా ఆపాడు. మా ఆవిడ పట్టుచీర ఎత్తిపట్టుకుని బురదలో దిగింది. పళ్లు నూరుకున్నాను. మూడోచోట ఆడవాళ్లు దిగి పక్క కాలిబాటన మంచులోకి నడిచిపోయారు, అతను గడ్డి కోసం వెనక్కి వెళ్లాడు. తాడు ఇంకా విప్పకముందే నేను పగ్గాలు అందుకుని ఎడ్లను అదిలించాను.

సగం దిగానో లేదో, తాడు సడలి వెనక బండి నా మీదికి తోసుకొచ్చింది. ముందుకు చాచిన దాని నొగకొయ్య నా వీపుకి జానెడు దూరంలో ఆగింది. తిరిగి చూస్తే, అతను మొద్దును వెనక బండి చక్రం కిందికి తోసి ఉన్నాడు. మొద్దుతో పాటు అతని పాదం కూడా చక్రం కింద ఉంది.

నేను కిందికి దూకేసరికే కాలు లాక్కుని నిలబడ్డాడు.

"ఏం లేదండి. ముహూర్తం దాటిపోద్ది, పదండి. మంచుకి జారానని చెప్తాను. అక్కకి మాత్రం చెప్పకండి."

ముహూర్తానికి అందుకున్నాం. కాలికి పసుపుగుడ్డ చుట్టుకుని అతను బుట్ట ఎత్తాడు. అడుగడుక్కీ బుట్ట ఒక పక్కకి ఒరిగిపోయింది. పెళ్లివారంతా నవ్వారు. "పెళ్లిపీటల దాకా తేకుండానే పడేసేవాడివి మావయ్యా" అని మా అమ్మాయి ఇన్నేళ్లూ ఆటపట్టిస్తూనే ఉంది. అతనూ నవ్వేవాడు, కుంటుతూ. నన్ను ఒక్కసారైనా తిట్టాడా? తిట్టి ఉంటే నాకు తీరిపోయేది. అతని మీద నా అసలు కోపం అదే.

పదోరోజున వాళ్లింట్లో మా అమ్మాయి ఏడుస్తూనే బుట్ట సంగతి మళ్లీ తీసింది. ఇంక నా వల్ల కాలేదు. జరిగిందంతా చెప్పేశాను. మా ఆవిడ లేచి లోపలికి వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున్నే అతని బండిలోనే, పాలేరు తోలుతుండగా, తిరుగు ప్రయాణం. వెనక రెండో బండి, అందులో మా మూటలు. గట్టు దిగుడు రాగానే, ఎవరూ చెప్పకుండానే మా అమ్మాయి దిగింది. తడిసిన రేగడిలో వట్టి కాళ్లతో వెనక్కి నడిచి, ఇంత గడ్డి లాగి, చక్రం కింద పరచసాగింది.

"కాలు వెనక్కి తియ్యమ్మా" అన్నాను.

గడ్డి పరవడం పూర్తయ్యాకే తీసింది.