నొక్కితే వెతికే మాట

లిఫ్టు మెకానిక్ పనికి వచ్చాడంటే ముందు చేతులు తుడుచుకుంటాడు, తరువాత ఫోను తీస్తాడు. పదిహేడేళ్లుగా తాను ముట్టుకున్న ప్రతి లిఫ్టుకూ అందులోని సొంత వికీలో, అంటే తానే రాసుకునే నోట్సులో, ఒక పేజీ ఉంది. ఓపిగ్గా కూర్చుని మ్యాక్రో అనే చిన్న ప్రోగ్రాం కూడా రాసుకున్నాడు. 'తాడు', 'బ్రేకు', 'కీచుమంటోంది' లాంటి ఏ మాటనైనా దానికి అప్పగిస్తే అది బటనై కూర్చుంటుంది. నొక్కితే చాలు, ఆ మాట రాసిన పేజీలన్నీ వరుస కడతాయి. తోటివాళ్లు "బటన్ల బాబాయ్" అని ఆటపట్టిస్తే నవ్వి ఊరుకుంటాడు.

ఆ ఉదయం ఆరంతస్తుల భవనంలో మేనేజరు తనిఖీ కాగితం చాపాడు. "బాగానే నడుస్తోంది కదయ్యా, సంతకం పెట్టెయ్. ఇప్పుడు లిఫ్టు ఆపితే అందరూ నా మీద పడతారు." మెకానిక్ కలం అందుకుని, ఎందుకో ఆగి, ఫోనులో 'బాగానే ఉంది' అన్న బటన్ నొక్కాడు. వందకు పైగా పేజీలు వచ్చాయి. అన్నిటికన్నా పైన, తానే అక్కడ నిలిపి ఉంచిన పాత పేజీ ఉంది. ఒకప్పుడు వేరే భవనంలో బ్రేకును పైపైన చూసి ఆ రెండు మాటలూ రాసేశాడు. మర్నాడే ఆ లిఫ్టు జారి, తనతో పనిచేసే తమ్ముడి కుడిచేతి వేళ్లు నలిగిపోయాయి. ఆ పేజీ చెరిపేయమని తమ్ముడే ఎన్నోసార్లు చెప్పాడు. ఇతనికి చేతులు రాలేదు.

కలం తిరిగిచ్చేసి లిఫ్టు ఆపేశాడు. రెండు గంటలపాటు బ్రేకు విప్పి, తుడిచి, బిగించి చూశాడు. ఎక్కడా లోపం కనబడలేదు.

"చూశావా? బాగానే ఉందని ఇందాకే చెప్పానుగా!" అన్నాడు మేనేజరు చిరాగ్గా.

"ఇందాక మీరు చెప్పారు సార్. ఇప్పుడు నేను చూశాను," అంటూ మెకానిక్ సంతకం పెట్టాడు.