నా సైకిలూ, ఒక ఎర్ర దీపమూ

మొన్న శుక్రవారం పొద్దున కూరగాయలకు వెళదామని మా అపార్ట్‌మెంటు సెల్లారులోకి దిగేసరికి, నా సైకిలు హ్యాండిలుకు దారంతో కట్టిన పసుపుపచ్చ అట్టముక్క ఒకటి వేలాడుతూ కనబడింది. కళ్ళజోడు తుడుచుకుని చూస్తే, వాడకంలో లేనిది అని తమిళంలో రాసి ఉంది. ముందురోజు సాయంత్రమే దాని మీద పెరుగు తెచ్చాను, చక్రానికి అంటిన బురద ఇంకా ఆరను కూడా లేదు, ఏ కళ్ళతో చూసి రాశారో ఈ మాట అని నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. వాచ్‌మన్‌ను నిలదీస్తే, సెక్రటరీగారు కట్టమన్నారనీ, ఆదివారం పాత ఇనుము కొనేవాడు వచ్చి అట్టలు కట్టిన సైకిళ్ళన్నీ తీసుకుపోతాడనీ, ఆ గోడ పొడుగునా కరెంటు బళ్ళకు చార్జింగు పెట్టుకునే చోట్లు కడతారనీ, అదంతా పొగ తగ్గించడానికేననీ చెప్పాడు. పొగ రాని బండికి చోటు కావాలని, పొగా కరెంటూ రెండూ ఎరగని బండిని ఇనుప కొట్టుకు వేస్తున్నారన్నమాట. ఈ లెక్క నాకు ఎంత ఆలోచించినా తలకెక్కలేదు.

ఇప్పటి పిల్లలకు సైకిలంటే ఆదివారం హెల్మెట్టు పెట్టుకుని చేసే వ్యాయామం. నా ఈడువాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు, మనకది కాళ్ళతో సమానం. నేను గూడూరు దగ్గర మా ఊరి నుంచి మదరాసు వచ్చింది మీసాలు మొలిచీ మొలవని రోజుల్లో, మా మేనమామ వెంట. ఆయన కోడంబాక్కంలో సినిమా స్టూడియోలో లైట్ల మేస్త్రి. వచ్చిన కొత్తలోనే నన్నూ లైటుబాయిగా పెట్టించాడు. ఏడింటి షాటుకు ఆరింటికల్లా మేము ఉండాలి, ఆ వేళకు బస్సు దొరకదు, కాబట్టి నా మొదటి సంపాదన నగా కాదు నట్రా కాదు, ఎవరో తొక్కి వదిలేసిన సైకిలు. డైనమో మాత్రం కొత్తది వేయించుకున్నాను. చీకటితో బయలుదేరి, ముందు చక్రం దగ్గర డైనమో గుర్రుమంటుంటే, హ్యాండిలుకు టిఫిను క్యారియరు ఊగుతుంటే, ఆర్కాటు రోడ్డు మీద ఆ పక్క నుంచీ ఈ పక్క నుంచీ మాలాంటివాళ్ళే వచ్చి కలిసేవాళ్ళు, వడ్రంగులు, మేకప్‌వాళ్ళు, జుట్టు దువ్వేవాళ్ళు, వంటవాళ్ళు. స్టూడియో గేటు లోపల వేపచెట్టు కింద సైకిళ్ళు ఒకదానికొకటి ఆనుకుని నిలబడేవి. ఎవరి సైకిలు ఎక్కడన్నది ఖాయం, ఖాళీ కనబడితే ఫలానావాడికి ఒంట్లో బాగోలేదని అందరికీ తెలిసిపోయేది.

స్టూడియోలో మేము చేసిన పని ఎండలు కాయించడం, వెన్నెలలు కురిపించడం. తలపైన కట్టిన చెక్క పరంజా మీద, నిప్పుల కుంపటిలా కాలే పెద్ద పెద్ద దీపాల వెనక కూర్చుని, కింద నుంచి కేక వస్తే వెలిగించాలి, షాటు కాగానే ‘లైట్స్ ఆఫ్’ అన్న కేకతో అన్నీ ఒక్కసారి ఆపేయాలి. ఆ కేక కోసం చెవులు పనిచేయనక్కరలేదు, చెయ్యే వినేది. ఒక్క దీపం ఒక్క క్షణం ఎక్కువ వెలిగిందా, కింద హీరోయినుగారి ముఖం మీద పౌడరు కరిగిపోతుంది, పైన దీపంలో మండే కర్బనపు కడ్డీ అరిగిపోతుంది, మా మామ నోటికి మాత్రం అరుగుదల ఉండేది కాదు. “ఏందబ్బయా, మీ నాయన గాని కరెంటు ఆఫీసులో ఉండాడా? ఆపు ఆడ!” అని కింద నుంచే అరిచేవాడు. నిద్రలో లేపి కేకేసినా మా చేతులు స్విచ్చి కోసం వెతికేవి.

ఇంత వెలుగు పంచిన మనిషి ఇంట్లో ఉన్నది ఒకే ఒక్క బల్బు అంటే నమ్ముతారా? వంటింటికీ ముందు గదికీ మధ్య గోడలో గుండ్రంగా కన్నం కొట్టించి, అందులో ఆ బల్బు పెట్టించాడు మామ, ఒక దీపం రెండు గదులకు సరిపోతుందని. అదీ పొద్దు పూర్తిగా గుంకాక, గడప దగ్గర కూర్చుని చేతిగీతలు కనబడనంత చీకటి పడేవరకూ ఆగాక వెలిగించేవాళ్ళం. పగలంతా పున్నమి కురిపించి ఇంటికొచ్చి అమావాస్య చేసుకుంటాడని ఇరుగుపొరుగు నవ్వేవాళ్ళు. ఆయనకు చీమ కుట్టినట్టు కూడా ఉండేది కాదు. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలని పెద్దలు ఊరికే అనలేదనీ, సూర్యుడున్నాడు కదా ముందు ఆయనతో పని చేయించుకోండనీ అనేవాడు.

అత్తకు గ్యాసు లేదు, కిరసనాయిలు క్యూలో నిలబడే ఓపికా లేదు. ఆమె వంటంతా రంపపు పొట్టు పొయ్యి మీదే. మీలో కొందరి ఇళ్ళలోనూ ఉండే ఉంటుంది ఆ ఇనప డబ్బా పొయ్యి, నడుమ సీసా నిలబెట్టి, చుట్టూ పొట్టు దట్టంగా కూరి, సీసాను మెల్లగా తిప్పుతూ పైకి లాగేస్తే మిగిలే ఆ గొట్టంలాంటి కన్నం, కింద నుంచి పుల్ల అంటిస్తే అందులోంచి నీలంగా లేచే మంట. సీసా లాగేటప్పుడు తుమ్మితే కథ మళ్ళీ మొదటికొచ్చేది. ఆ పొట్టు తేవడం నా వంతు. స్టూడియోలో వడ్రంగులు సెట్లు వేశాక మిగిలిన పొట్టును గోనె సంచిలో తొక్కి, సైకిలు క్యారియరుకు కట్టి, శనివారం శనివారం ఇంటికి తెచ్చేవాణ్ణి. ఆ వారం రాజుగారి దర్బారు వేస్తే దర్బారు పొట్టుతో అన్నం, జమీందారు మేడ వేస్తే మేడ పొట్టుతో పప్పు. అన్నం దిగాక మిగిలిన సెగ మీద వంకాయ కాల్చేది, అదీ అయ్యాక స్నానాలకు నీళ్ళు పెట్టేది అత్త, ఆఖరి వేడి కూడా ఊరికే పోనిచ్చేది కాదు. ఆదా అన్న మాట మా ఇంట్లో ఎవరూ పలికినట్టు గుర్తు లేదు, బతుకే అట్లా ఉండేది.

పెళ్ళయ్యాక మా ఆవిడ ఆ క్యారియరు మీదికి ఎక్కింది. ఆమె సౌకార్‌పేటలో రెండు తరాలుగా స్థిరపడ్డ తెలుగువాళ్ళ పిల్ల, మిఠాయి వాసనల మధ్య పెరిగింది, పొట్టు సంచీ కూర్చున్న చోట తానూ కూర్చోవాలా అని మొదటి రోజు మూతి ముడిచింది. తరువాత దీపావళికి ముందు టి. నగర్ వెళ్ళాలన్నా, పాండీ బజారులో అద్దాల వెనక చీరలు ఊరికే చూసి రావాలన్నా ఆ క్యారియరే కావాలనేది. ఎదురుగాలిలో నేను రొప్పుతుంటే, వెనక నుంచి నా చొక్కా పట్టుకుని ఇంకా తొక్కు ఇంకా తొక్కు అని నవ్వేది. ఆ నవ్వు కోసం నేను తిన్నని దారి వదిలేసి వంతెన ఎక్కించేవాణ్ణి.

కాలం తిరిగింది. స్టూడియోలు ఒకటొకటిగా మూతబడ్డాయి, మామా అత్తా వెళ్ళిపోయారు, సైకిలు మాత్రం టైర్లూ గొలుసూ సీటూ మార్చుకుంటూ నాతోనే వచ్చింది. మా అబ్బాయి ఇక్కడే పుట్టాడు, కంప్యూటర్ల ఉద్యోగం, తెలుగులో మొదలుపెట్టి తమిళంలో ముగిస్తాడు. కోడలు గుంటూరు నుంచి ఇక్కడికి ఉద్యోగానికి వచ్చిన పిల్ల. చల్లటి మనిషి, ఆమె మీద నాకు వీసమంత కోపం లేదు. పోయిన ఏడాది కరెంటు స్కూటరు కొనుక్కుని, పెట్రోలు మానేశాను చూడండి మామయ్యగారూ అని నాకే ముందు చూపించింది. సంతోషించాను కూడా. నా ఈడు ముసలివాడికి ఆ బండి మీద అసూయ ఎందుకు?

అసలు తిప్పలు అక్కడే వచ్చాయి. నెల కిందట ఒక సాయంత్రం సైకిలు పెడుతుంటే, పక్క గోడకు తగిలించిన నల్లటి పెట్టె మీద చిన్న ఎర్ర దీపం వెలుగుతోంది. చుట్టూ ఒక్క పురుగు లేదు, ఎవరికోసం వెలుగుతున్నట్టు అది? నేను ఆలోచించలేదు, చెయ్యి ఆలోచించింది. స్విచ్చి తీసేసి, ఒక మంచి పని చేశానన్న తృప్తితో పైకొచ్చి హాయిగా భోజనం చేశాను. మర్నాడు పొద్దున చార్జింగు లేక కోడలి స్కూటరు కదలలేదు. ఆ రోజే ఆమె ఆఫీసులో పైవాళ్ళ ముందు ఏదో ముఖ్యమైన పని అప్పజెప్పాలట, బయట చూస్తే కుండపోత వాన, ఆటోలు దొరకవు, తడిసి ముద్దై వెళ్ళేసరికి ఆ పని వేరేవాళ్ళ చేతికి పోయింది. సాయంత్రం వచ్చి నన్ను ఒక్క మాట అనలేదు. “పర్లేదులెండి మామయ్యగారూ, మీకు తెలీదు కదా,” అంది. దీపం ఆర్పడం గురించి నాకు తెలీదన్న మాట నా జన్మలో మొదటిసారి విన్నాను. తిట్టినా బాగుండేది.

ఇక శుక్రవారానికి వద్దాం. ఆ అట్టముక్కను తెంపి చేత్తో పట్టుకుని, సెక్రటరీ ఇంటి మీదికి యుద్ధానికి వెళదామా అని మా అబ్బాయిని అడిగాను. వాడు ఫోను కింద పెట్టాడు. “నేనే సరేనన్నాను నాన్నా. వద్దు, ఇంక ఆ సైకిల్ వేండాం. పోయిన నెల ఆటోవాడు నిన్ను రాసుకుంటా పోయినాడని అమ్మ చెప్పింది. కింద పడితే ఎవరు చూసేది? ఆ చార్జర్ పక్కకి నువ్వు పోకపోతే అందరికీ మనసు నిమ్మది,” అన్నాడు. అపార్ట్‌మెంటువాళ్ళ మీటింగులో నా సైకిలు మాట వచ్చినప్పుడు అది ఎవరూ తొక్కడం లేదని చెప్పింది ఆ సెక్రటరీ కాదు, వీడు. చిన్నప్పుడు ఆ ముందు కడ్డీ మీద తువ్వాలు చుట్టి కూర్చోబెట్టుకుని బడికి తీసుకెళ్ళిన పిల్లవాడు వీడే కదా అనుకున్నాను. వాడి భయం నాకు అర్థం కాకపోలేదు. అర్థమైనంత మాత్రాన మనసు ఊరుకోదు.

శనివారం మా అబ్బాయి తెప్పించిన పెద్ద పెట్టె ఒకటి వచ్చింది. విప్పితే కదలని సైకిలు. ఇంట్లోనే తొక్కుకోవచ్చట, ఎండా వానా భయం లేదట. దాని తీగ గోడకు తగిలించాలి, అది తొక్కేటప్పుడు ఏసీ వేసుకోవాలి, లేకపోతే చెమట పడుతుంది. నా కాళ్ళు నేను ఆడించుకోవడానికి కూడా కరెంటు కావాల్సిన రోజు వచ్చిందని మామకు తెలిస్తే, ఏ లోకంలో ఉన్నా అక్కడి నుంచే అరిచేవాడు.

ఆదివారం తెల్లవారకముందే నేను నా సైకిలు తీసుకుని బయటపడ్డాను. వాడకంలో లేదన్నారు కదా, వాడకంలో ఉన్నదాన్ని ఎట్లా పట్టుకుపోతారో చూద్దామన్న మొండితనం. మెట్రో కోసం తవ్వేసిన రోడ్డులో సగం దూరం తొక్కాను, సగం దూరం నడిపించాను. బస్సులు వెనక నుంచి హారను కొట్టి అదిలించాయి, ఒక కుర్రవాడు మోటారు సైకిలు ఆపి ఇంట్లో ఎవరూ లేరా పెద్దాయనా అని జాలిపడ్డాడు. మా స్టూడియో గేటున్న చోట ఆకాశాన్నంటే అపార్ట్‌మెంట్లు లేచాయి. వేపచెట్టు మాత్రం ఉంది, దాని మొదలు చుట్టూ కరెంటు తీగతో రంగు బల్బులు చుట్టి, పట్టపగలు వెలిగించి ఉంచారు. అక్కడ సైకిలు ఆనించి కాసేపు నిలబడితే, సెక్యూరిటీ మనిషి వచ్చి ఇక్కడ బండ్లు పెట్టకూడదన్నాడు.

ఎండెక్కాక తిరిగొస్తే, మా గేటు దగ్గర పాత ఇనుమువాడు సైకిళ్ళన్నీ ఎక్కించుకుని బయలుదేరుతున్నాడు. అతను వచ్చింది ఏ లారీలోనో కాదు, మూడు చక్రాల తొక్కుడు బండి మీద. పాపం, నిలబడి బరువంతా పెడితే తప్ప అది కదలడం లేదు. నన్నూ నా సైకిలునూ చూసి పలకరింపుగా తల ఊపి వెళ్ళాడు. ఆ రోజు మొత్తంలో నా సైకిలును సైకిలుగా చూసిన మనిషి అతనొక్కడే.

సెల్లారులో నా చోటు అప్పటికే సున్నం గీతలతో నిండిపోయింది. మా అబ్బాయి వచ్చి, ముందు చక్రం పైకెత్తి సైకిలును లిఫ్టులో నిలబెట్టి నాలుగో అంతస్తుకు తెచ్చి బాల్కనీలో పెట్టాడు. ఇంక గొడవ వద్దు నాన్నా, ఇది నీ దగ్గరే ఉంటుందిలే అన్నాడు. గెలిచాననుకున్నాను. మర్నాడే లిఫ్టులో సైకిళ్ళు ఎక్కించరాదని బోర్డు పెట్టారు. మెట్ల మీద దాన్ని దింపి మళ్ళీ ఎక్కించే మోకాళ్ళు నాకు లేవు. జన్మంతా ఒక్క యూనిటు కరెంటు అడగని బండి, ఇవాళ నేల మీదికి దిగాలంటే లిఫ్టు కావాలి.

నిన్న సాయంత్రం దాన్ని స్టాండు మీద నిలబెట్టి, డైనమోను టైరుకు ఆనించి, పెడలును చేత్తో తిప్పాను. ముందు దీపం ఎదుటి గోడ మీద గుండ్రంగా వెలిగింది. మా ఆవిడ పప్పు గిన్నెతో వచ్చి చూసి నిలబడింది. “ఆడ హాల్లో మనిషి లేకుండా మూడు లైట్లు మండతా ఉండాయి, ఈడ ఇదొకటా?” అని నవ్వి, వెళ్ళబోయి ఆగి, ఖాళీ క్యారియరును కొంగుతో తుడిచి వెళ్ళింది.

ఇవాళ పొద్దున కోడలు, ఇంట్లో బట్టలారబెట్టే మిషను ఉన్నా, తన చున్నీని నా హ్యాండిలు మీద ఎండలో ఆరేసింది. నన్ను సంతోషపెట్టడానికే చేసిందని తెలుసు, సంతోషించాను కూడా. చున్నీ సర్దుతుంటే చూశాను, ఆ అట్టముక్క కట్టిన దారం పోగు హ్యాండిలుకు ఇంకా చుట్టుకునే ఉంది. శుక్రవారం నాడు దాని మీద రాసింది పచ్చి అబద్ధమని ఇల్లంతా ఎగిరాను. అబద్ధం రాసినవాళ్ళతో ఎట్లాగో పోట్లాడాను గాని, సైకిలును కాపాడి తెచ్చి ఇక్కడ నిలబెట్టి, ఆ మాటను నిజం చేసింది నేనే.