మల్లి చానెల్ మీద నా కుళ్లు

నిన్న పొద్దున స్కూల్ లైబ్రరీలో కొత్త పుస్తకాలకు అట్టలు వేస్తున్నాను. మా టెన్త్ క్లాస్ గ్రూపులో ఒక్క లైను వచ్చింది.

మల్లి ఇక లేదు.

మూడు రోజుల జ్వరం. నెల్లూరు ఆసుపత్రిలో తెల్లవారుజామున పోయిందట. ఇరవై ఏడేళ్లు.

రెండుసార్లు చదివాను. మా క్లాసులో ఇంకో మల్లి ఎవరైనా ఉందా అని ఆలోచించాను. లేదు.

నిజం చెప్పాలి. నేను వెంటనే ఏడవలేదు. ఫోన్‌లో ఆమె చానెల్ తెరిచాను. చివరి వీడియో కింద అప్పటికే ఎంతోమంది రాస్తున్నారు. నేను పోతే ఇంతమంది రాయరు అనుకున్నాను.

తర్వాత ఏడ్చాను.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను. మల్లీశ్వరిది కాన్వెంట్‌లో నా పక్క బెంచీ. పెళ్లయ్యాక వాకాడు అవతల, సముద్రం ఒడ్డున ఉన్న ఊరికి వెళ్లింది. భర్త శీనన్న పడవ మీద వేటకు పోతాడు. మల్లి చేపలు అమ్మేది, వండేది. రెండేళ్లుగా అవే వీడియోలు తీసి పెట్టేది.

నేనూ వీడియోలు చేద్దామనుకున్నాను, పుస్తకాల గురించి. ఆమె కంటే ముందే అనుకున్నాను.

ఆరు నెలలు చదివాను. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు ఏ మైకు చాలు, ఏ లైటు చవక, ఏ యాప్ ఉచితం. అన్నీ నోట్సు రాసుకున్నాను. రింగ్ లైట్, కాలర్ మైక్, ట్రైపాడ్ తెప్పించాను. ఎలొక్యూషన్ పోటీలో నిలబడినట్టు నిలబడి మాట్లాడి, చూసుకుని, డిలీట్ చేశాను.

పదిహేడు సార్లు.

మల్లి దగ్గర ఉన్నది మూల పగిలిన ఫోను. బిందెలో ఇసుక నింపి, వెదురు కర్ర గుచ్చి, ఫోన్‌ను వల దారంతో దానికి కట్టేది. ముఖం నల్లగా పడుతుంటే చేపల ఐసు పెట్టె థర్మాకోల్ మూతను ఎండకు ఎదురుగా నిలబెట్టేది. మెత్తటి వెలుతురు వచ్చి ముఖం మీద పడేది, నా రింగ్ లైట్ కంటే బాగా. గాలి హోరు వినపడకుండా ఇయర్‌ఫోన్ మైకుకు దిండులోని దూది చుట్టేది.

ఇవేవీ ఆమె ఎక్కడా చదవలేదు. నాకు కడుపు మండేది.

పోయిన ఏడాది ఫోన్ చేసి పిలిచింది. "నీ సామాన్లు తీసుకుని రా మే, కలిసి ఒకటి తీద్దాం."

వెళ్లాను. నా మైకు, నా ట్రైపాడ్. ప్రశ్నలు కూడా నేనే రాసుకెళ్లాను.

నలుగురితో కలిసి పడవను నీళ్లలోకి తోస్తున్న ఒక పెద్దాయన దగ్గరికి పోయి, మర్యాదగా మొదటి ప్రశ్న అడిగాను.

"ఎక్కడికి వెళ్తున్నారండీ?"

ఆయన తోయడం ఆపేశాడు. నన్ను చూశాడు, మైకును చూశాడు, ఇసుకలో కూర్చున్నాడు. ఆయన కూర్చునేసరికి మిగతా నలుగురూ కూర్చున్నారు. ఎవరో మంచినీళ్లు తెచ్చారు.

బయల్దేరేవాళ్లను ఎక్కడికని అడగకూడదు. అడిగితే కాసేపు కూర్చుని, నీళ్లు తాగి, మళ్లీ కొత్తగా బయల్దేరాలి. ఈ మాట నాకూ మా అమ్మమ్మ చిన్నప్పుడే చెప్పింది. చేతిలో మైకు ఉంటే గుర్తు రాలేదు.

"పడవేసుకుని యాడికి పోతాం తల్లా," అన్నాడు ఆయన నీళ్లు తాగి. "తిరప్తికా?"

మల్లి ఇసుకలో పడి నవ్వింది. ఆ ముక్క ఉంచనా అని అడిగింది. సిగ్గుతో సరేనన్నాను.

ఆమె చానెల్‌లో జనం అన్నిటికంటే ఎక్కువ చూసింది ఆ వీడియోనే. తప్పు నాది, పేరు ఆమెకు.

ఆ తర్వాతి వారమే ఇంకో ఫోన్. ఆమె వాడే ఎడిటింగ్ యాప్ ప్రతి వీడియో మూలన తన పేరు పెద్దగా ముద్ర వేసేది.

"ఈ ముద్ర పడకుండా, డబ్బులు కట్టకుండా, ఇంకేదన్నా యాప్ ఉండాదా మే? నీకు తెలిసుంటాది."

ఉంది. ఆ నిమిషంలో నా ముందు తెరిచే ఉంది.

"తెలీదు," అన్నాను.

ఆ తర్వాత ఆమె ఫోన్లు ఎత్తలేదు. రెండు నెలలు ఆ ముద్రతోనే వీడియోలు వచ్చాయి. ఒక్కటి కూడా వదలకుండా చూశాను. ముందు ఆ మూలే చూసేదాన్ని.

ఒకరోజు మళ్లీ ఆమె ఫోన్. ఎందుకో ఎత్తాను. యాప్ దొరికిందట. నాకు కూడా పనికొస్తుందని, ఎక్కడ నొక్కాలో, ఎట్లా కత్తిరించాలో అరగంట సేపు చెప్పింది. నా యాపే అది. మొదటిసారి వింటున్నట్టు ఊకొట్టాను. థాంక్స్ కూడా చెప్పాను.

నిజం ఒప్పుకోవాలని ఎన్నోసార్లు అనుకున్నాను. నిన్నటితో ఆ అవకాశం పోయింది.

నిన్న సాయంత్రం వాళ్ల ఊళ్లో అంత్యక్రియలన్నీ అయిపోయాక శీనన్న ఇంటి ముందు ఒక్కడే కూర్చుని ఉన్నాడు. ఓదార్చడం నాకు చేతకాదు. ఏం మాట్లాడాలో తెలియక ఇదంతా ఆయనకు చెప్పేశాను. మల్లికి అబద్ధం చెప్పానని.

ఆయనకు కోపం రాలేదు.

"దానికి తెలుసు లేమ్మా. అన్ని పుస్తకాలు చదివే పిల్లకు తెలీకుండా ఉంటాదా, అనింది. నువ్వు ఫోన్ ఎత్తటం మానేసినావు గదా. 'నేనే కనుక్కుని చెప్పేస్తే, ఆ పిల్లకి నాతో మాట్లాడేదానికి అడ్డం పోతాది' అనింది మల్లి."

నేను ఊకొడుతున్నంతసేపూ ఆమెకు తెలుసు. తెలిసే, నాకు తెలిసిన పాఠాన్ని నాకే ఓపిగ్గా చెప్పింది.

నీ చోట నేనుంటే అలా చేసేదాన్ని కాదు మల్లీ. నీ వీడియోలను చూసినప్పుడు కూడా ఇంత కుళ్లు పుట్టలేదు నాకు.

వెళ్లిరా. జ్వరమూ నొప్పీ లేని చోట చల్లగా ఉండు.