అవ్వకు హిందీ వచ్చిన రోజు

నా చిన్నప్పుడు మా అవ్వకు హిందీ వచ్చేది, పోయేది. శనివారం లంబాసా మార్కెట్లో బెండకాయల గంప ముందు కూర్చుంటే వరదలా వచ్చేది, బేరమాడటానికి వచ్చినవాళ్ళు తడిసి వెళ్ళేవారు. అదే సోమవారం మా గేటు ముందు ఎవరైనా ఆఫీసు మనిషి సైకిలు దిగాడంటే ఒక్క ముక్క మిగిలేది కాదు. భూమి లీజు చూసేవాడు గానీ, చెరకు పొలాలు తనిఖీ చేసేవాడు గానీ, జనాభా లెక్కలవాడు గానీ, ఎవరొచ్చినా అవ్వ తల మీదికి కొంగు లాక్కుని, తెలుగు కాక ప్రపంచంలో ఇంకో భాష ఉందని అప్పుడే విన్నదానిలా చూసేది.

ఇది ఆవిడ సొంతంగా కనిపెట్టింది కాదు. వాళ్ళమ్మ గిర్మిట్ ఒప్పందం మీద కూలీగా ఓడెక్కి ఫిజీకి వచ్చి, చెరకు తోటలో నేర్చిన విద్య. తోట మీద పెత్తనం చేసే తెల్లవాణ్ణి మావాళ్ళు కుళంబర్ అనేవారు. ఆ కుళంబర్ హిందీలో ఏమడిగినా ఆవిడ తెలుగులోనే జవాబు చెప్పేదట. రెండుసార్లు అడిగి మూడోసారికి వాడే విసుగెత్తి పోయేవాడట. మా ఇంటికి తరతరాలుగా దక్కిన ఆస్తి అదొక్కటే. పొలం ఎలాగూ లీజుదే.

ఆ నాటకంలో నా వేషం దుబాసీ. అవ్వ తెలుగులో చెప్పింది నేను హిందీలో ఆఫీసరుకు చెప్పాలి, ఆయన హిందీలో అడిగింది అవ్వకు తెలుగులో చెప్పాలి. ఆవిడకు నాకంటే మంచి హిందీ వచ్చని తెలిసీ, నవ్వకుండా చెప్పాలి. నవ్వు ఆపుకున్నందుకు ఒక గుల్‌గులా ఇచ్చేది. అరటిపండు కలిపి వేయించిన తీపి బోండా అది. చాలామంది ఆఫీసర్లు రావాలని దేవుడికి దండం పెట్టుకున్న పిల్లను మా ఊరు టాబియా మొత్తానికి నేనొక్కదాన్నే.

నాకప్పుడు పదేళ్ళు. ఇంట్లో పెద్దదాన్ని. నా తర్వాత ఐదుగురు. చంకలో ఒకడు, చేతిలో ఒకతె ఉండేవారు గనుక బడికి వెళ్ళిన రోజులకంటే వెళ్ళని రోజులే ఎక్కువ. హాజరు పిలిచేటప్పుడు మా టీచరు నా పేరు దగ్గర ఆగి, తల ఎత్తకుండానే రాదులే అని తర్వాతి పేరుకు వెళ్ళిపోయేవాడట.

ఆఖరి తమ్ముడు పుట్టినప్పుడు అమ్మ మూడు వారాలు ఆసుపత్రిలో ఉండిపోయింది. రక్తం ఎక్కించారు. ఇంటికి వచ్చాక ఆమె పంపు దగ్గర నుంచి వంటింటికి బకెట్టు మోస్తూ మధ్యలో బట్టల తీగ కట్టిన కర్ర పట్టుకుని నిలబడిపోయేది. ఎవరైనా చూస్తే, బట్టలు ఆరాయో లేదో చూస్తున్నట్టు తీగ మీద చెయ్యి వేసేది. తీగ మీద బట్టలు లేని రోజు కూడా. అది నేను చూశాను. చూసినప్పటి నుంచి నాకు కుదురు పోయింది. ఎక్కడికి వెళ్ళి వచ్చినా ముందు ఆ కర్ర వైపు చూడటం, అక్కడ అమ్మ లేకపోతే ఇల్లంతా వెతకడం. మళ్ళీ ఒక పిల్లో పిల్లాడో పుడితే ఈసారి ఆసుపత్రి నుంచి తిరిగి వస్తుందా? ఈ ప్రశ్న అడగడానికి ఇంట్లో మనుషులున్నారు గానీ చోటు లేదు.

ఫిజీకి స్వతంత్రం వచ్చి అప్పటికి ఎన్నో రోజులు కాలేదు. రేడియోలో భజనకీ వార్తలకీ మధ్య ఒక ఆడగొంతు తక్కువమంది పిల్లల్ని కనమని హిందీలో బతిమాలేది. ఆ గొంతు రాగానే తాతయ్య రేడియో చెవి మెలిపెట్టేవాడు. ఇంటి ముందు మగవాళ్ళు కూర్చునే పాక ఉండేది, దాన్ని బెలో అంటాం. సాయంత్రం అక్కడ యాంగోనా వేరు పొడి నీళ్ళలో కలిపి, కొబ్బరి చిప్పతో ఒకరి తర్వాత ఒకరు తాగుతూ ఈ సంగతే మాట్లాడుకునేవారు. స్వతంత్రం వచ్చింది పిల్లల్ని కనడానికి పర్మిట్ తీసుకోవడానికా అని ఒకరు. మన ఇండియన్లను తక్కువ చేస్తే మన ఓట్లు తక్కువవుతాయి, అదీ సర్కారు ఎత్తు అని ఇంకొకరు. చెరకు కోసే గ్యాంగుకు ప్రతి ఇంటి నుంచీ కత్తి పట్టే మనిషి వెళ్ళాలి, ఆ మనుషులు ఆకాశం నుంచి రాలతారా అని మా తాతయ్య. పదెకరాల లీజు ఇంతమందికి ఎలా చాలుతుందని మా నాన్న ఒకసారి నసిగితే, చిప్ప ఆయన చేతిలో పెట్టి నోరు మూయించారు. కనే పని ఆ పాకలో కూర్చున్న ఎవరికీ లేదు కాబట్టి చర్చ చాలా హాయిగా సాగేది.

ఒక సోమవారం పొద్దున తాతయ్య కత్తి నూరుకుంటూ అవ్వతో, ఆ సర్కారు నర్సు మన దారిలో తిరుగుతోందట, వస్తే తిప్పి పంపమన్నాడు. "నాకు హిందీ రాదు గదా, నన్నేం చేస్తుంది?" అంది అవ్వ. పొలం చేరేదాకా తాతయ్య నవ్వు వినిపించింది.

నర్సు రానే వచ్చింది. మాలా ఇండియన్ కాదు, ఫిజీ మూలవాసి, నిండైన మనిషి, చేతిలో నల్ల గొడుగు. హిందీ మాకంటే బాగా మాట్లాడింది. వరండాలో చాప మీద కూర్చుని, కోడలి ఒంట్లో రక్తం తక్కువగా ఉందని ఆసుపత్రి కాగితంలో రాశారని, మళ్ళీ వెంటనే కడుపు వస్తే ప్రమాదమని, ఆపుకోవడానికి మందులున్నాయని, గురువారం క్లినిక్‌కు తీసుకురమ్మని చెప్పింది. నేను మొత్తం తెలుగులో అప్పజెప్పాను. అవ్వ కాలి బొటనవేలితో చాప అంచు గోకుతూ వింది. అమ్మ గుమ్మం వెనక చంటివాడికి పాలిస్తూ ఉంది. సగం ముఖమే కనిపించింది. అటు ఎవరూ చూడలేదు.

"దేవుడిచ్చేదాన్ని వద్దనడానికి మేమెవరం అని చెప్పు" అంది అవ్వ నాతో. "కోడలు రాదని చెప్పు. మర్యాదగా చెప్పవే. టీ తాగి వెళ్ళమను."

నేను నోరు తెరిచాను. ఆ నోట్లోంచి ఏం వస్తుందో నాకే తెలియదు. నర్సు వైపు తిరిగి హిందీలో, గురువారం కోడల్ని అవ్వ తానే తీసుకొస్తుందట, మీరు టీ తాగి వెళ్ళాలట అన్నాను. నా తర్జుమాలో టీ ఒక్కటే నిజం.

అవ్వ బొటనవేలు ఆగిపోయింది. ఆవిడకు ప్రతి ముక్కా అర్థమైందని నాకు తెలుసు. నాకు తెలుసని ఆవిడకు తెలుసు. ఒక్క హిందీ మాటతో నా అబద్ధం బయటపెట్టొచ్చు. కానీ ఆ మాట అంటే అన్నేళ్ళ నాటకం నర్సు ముందు కూలిపోతుంది. పైన రేకులు ఎండకు టపటపమన్నాయి. అవ్వ నన్ను చూసింది, గుమ్మం వైపు చూసింది, మళ్ళీ నన్ను చూసింది.

"చక్కెర ఎన్ని చెంచాలో అడుగు" అంది, తెలుగులో.

ఆ రోజు గుల్‌గులా రాలేదు. తిట్టూ రాలేదు. తిట్టి ఉంటే బావుండేది. సాయంత్రం తాతయ్య వచ్చి, పంపించేశావా అని అడిగాడు. అవ్వ బియ్యం చెరుగుతూ తల ఎత్తలేదు.

"నువ్వు చెప్పమన్నట్టే తెలుగులో చెప్పాను. ఈ పిల్ల దాన్ని హిందీలోకి ఏం చేసిందో, గురువారం అంటే ఆ నర్సు తలాడించి పోయింది. నాకేం తెలుసు, హిందీ రానిదాన్ని."

"నీకు హిందీ రాదని ఎవరికి చెప్తున్నావే!"

"ఇన్నాళ్ళూ నువ్వు ఎవరికి చెప్పి నవ్వావో వాళ్ళకే."

జీవితమంతా ఆ నాటకానికి చప్పట్లు కొట్టినవాడు ఇప్పుడు టిక్కెట్టు వాపసు ఇమ్మని ఎలా అడుగుతాడు? తాతయ్య బెలోలోకి వెళ్ళిపోయాడు. మంగళ, బుధవారాలు నేను అన్నం తిన్నది లేదు, ఒకచోట కూర్చున్నది లేదు. చెరకు లారీ వెళ్ళినా నర్సు బండేమోనని గేటు దాకా పరుగు. గురువారం పొద్దున లేచేసరికి తాతయ్య అందరికంటే ముందే పొలానికి వెళ్ళిపోయాడు. చూడకుండా ఉండటమే ఆయన ఒప్పుకోలు అని అర్థం కావడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

బస్సులో అవ్వ ఒక పక్క, చంటివాడితో అమ్మ ఒక పక్క, మధ్యలో నేను. క్లినిక్‌లో ఆ నర్సే మమ్మల్ని చూసి నవ్వింది. ఇక్కడి మగవాళ్ళు ఇది ఇండియన్లను తగ్గించే ఎత్తు అంటారు, మా ఊళ్ళో పెద్దలు మమ్మల్ని తగ్గించే ఎత్తు అంటారు, రెండు చోట్లా తిట్లు తినేదాన్ని నేనొక్కదాన్నే అంది. తర్వాత కాగితం తీసి, అలవాటు కొద్దీ అవ్వ వైపు తిరిగి అడిగింది. ఆరుగురున్నారు, ఇక పూర్తిగా ఆపేద్దామా? మీరు ఒప్పుకున్నట్టేనా?

నేను దుబాసీ పనికి గొంతు సవరించుకున్నాను. అవ్వ చేత్తో నన్ను పక్కకు జరిపింది. తల మీది కొంగు వెనక్కి తోసి, శనివారం మార్కెట్ గొంతుతో అంది.

"హమ్‌సే నై పూఛో, బహినీ. ఉస్‌సే పూఛో."

నన్ను కాదు, దాన్ని అడుగు అని. వేలు అమ్మ వైపు ఉంది. సర్కారు మనిషి ముందు మా అవ్వ హిందీ మాట్లాడటం నేను చూసింది ఆ ఒక్కసారే. నర్సు కలం అమ్మ వైపు తిరిగింది.

అమ్మ చంటివాణ్ణి ఈ భుజం మీది నుంచి ఆ భుజానికి మార్చుకుంది. తన సంగతి తననే అడగడం ఆమెకు కొత్త. మెల్లగా, వీడు బడికి వెళ్ళేదాకా నాకు వద్దు అంది. పూర్తిగా ఆపడం మాత్రం ఇప్పుడే కాదు. తర్వాతి సంగతి తర్వాత నేనే వచ్చి చెప్తాను అంది. నర్సు గోలీల పొట్లం అమ్మ చేతిలోనే పెట్టింది.

తిరుగు బస్సులో అవ్వ నా చెవి పట్టుకుంది. "దుబాసీ పని మంచిదే. కానీ నీ మాటను మీ అమ్మ మాటగా చెప్పకు. దాన్ని అడిగి చెప్పు." అప్పుడు నాకు చెవికంటే మనసు ఎక్కువ మండింది. అమ్మను కాపాడింది నేనేనని మూడు రోజులుగా లోలోపల పొంగిపోతున్నాను. అమ్మను అడగనివాళ్ళ జాబితాలో సర్కారు, బెలో, అవ్వ, వాళ్ళ పక్కనే నేనూ ఉన్నానని తెలిసింది. నేనూ ఆ రోజు ఒక బుల్లి సర్కారునే. ఇంటికి వచ్చాక అవ్వ గుల్‌గులాలు వేసింది. మొదటిది అమ్మకు ఇచ్చింది.

తమ్ముడు బడికి వెళ్ళాక అమ్మ గోలీలు తానే మానేసి, మరో ఏడాదికి ఒక ఆడపిల్లను కంది. ఏ ఇబ్బందీ లేకుండా. నర్సు వచ్చి తల కొట్టుకుంది, బెలోలో తామే గెలిచామని ఇంకో గిన్నె యాంగోనా కలిపారు. ఇద్దరికీ ఏమీ అర్థం కాలేదు. అమ్మ మాత్రం ఆ పిల్లను చూసి, దీన్ని నేను పిలిస్తే వచ్చింది అనేది. ఇప్పటికీ మా ఇంట్లో అందరికంటే గట్టిగా మాట్లాడేది ఆ చెల్లెలే. అప్పటికి నేను ఏడో క్లాసులోనే బడి మానేశాను. పిల్లల్ని మోయడం వల్ల అని అందరికీ చెప్తాను గానీ, సగం తప్పు లెక్కలది.

సర్కారు నర్సును పంపడం తప్పని నేననను. పంపకపోతే అమ్మ ఆ కర్ర పట్టుకునే ఉండేది. కానీ వచ్చినవాళ్ళు ఉన్నదేమిటో ఆమెకు చెప్పి, ఆమె మాట విని, టీ తాగి వెళ్ళాలి. ఇప్పుడు నేనుండే లౌటోకాలో మనవాళ్ళ సంఘం సమావేశాల్లో ఇంకో పాట మొదలైంది. మనవాళ్ళు తగ్గిపోతున్నారు, ఎక్కువమందిని కనండి అని. మైకు పట్టుకునేది మళ్ళీ మగవాళ్ళే. నాకు కుర్చీలో కుదురుండదు. పక్కన కూర్చున్నవాళ్ళు వంగి, మీ కోడలికి రెండోది ఎప్పుడమ్మా అని అడుగుతారు. అప్పుడు నాకు హిందీ పోతుంది. తెలుగు పోతుంది. వచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కలూ పోతాయి. వేలు ఒక్కటి మిగులుతుంది. దాన్ని నా అవతలి పక్కనున్న కోడలి వైపు చూపిస్తాను.